భూమన్న చెరకు వంతు

నిజామాబాదులో బోధన్ రోడ్డు మీద, తునికాకు గోదాము పైన, రెండు గదుల ఆఫీసు ఒకటి ఉండేది. కింద బీడీ ఆకు కట్టలు, పైన కంప్యూటర్లు. ఎన్ని అగరొత్తులు వెలిగించినా పైగదుల్లో ఆకు వాసనే. యజమాని లక్ష్మీరాజం సార్ దాన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీ అనేవాడు. ఎదురుగా చాయ్ అమ్మే మనిషి మాత్రం అది నెట్ సెంటర్ అనే అనుకునేవాడు. రెండు వేల తొమ్మిదిలో ఆ రోడ్డు మీద ఈ రెండింటికీ తేడా అడిగినవాళ్ళు కూడా లేరు.

ఆత్మారాం అక్కడ టెస్టర్. వేరేవాళ్ళు తయారుచేసిన వెబ్ పేజీలు సరిగ్గా పని చేస్తున్నాయో లేదో చూడడం అతని పని. మొదట్లో అన్నీ చేత్తోనే నొక్కి చూసేవాడు. తర్వాత తనంతట తాను నడిచే టెస్టు రాయడం నేర్చుకున్నాడు. ఒకసారి రాసిపెడితే చాలు, కుర్చీలో మనిషి లేకపోయినా బ్రౌజరు తెరుచుకుంటుంది, ఖాళీ గడుల్లో అంకెలు వచ్చి పడతాయి, బటన్లు వాటంతట అవే నొక్కుకుంటాయి. అన్నీ సరిగ్గా ఉంటే చివర ఆకుపచ్చ గీత వస్తుంది, ఎక్కడ తప్పినా ఎర్ర గీత. మొత్తం రెప్పపాటు పని.

ఒకసారి గంగమణి జొన్నరొట్టెలు మూట కట్టుకుని ఆఫీసుకు వచ్చి ఈ తమాషా చూసింది. గంగమణి అతని మేనమామ భూమన్న భార్య. చేతులు కట్టుకుని కూర్చున్న అల్లుడినీ, దానంతట అదే ఆడుతున్న స్క్రీనునూ మార్చి మార్చి చూసి, "నువ్వు కూసుంటవు, గది పని జేస్తది. పట్నం నౌకరంటే గిదేనా అల్లుడా?" అని ఎత్తిపొడిచింది. ఆత్మారాం పడీ పడీ నవ్వాడు.

భూమన్న దంపతులకు పిల్లలు లేరు. వర్ని అవతల, కాలువ కింద అందరూ వరి వేసే ఊళ్ళో భూమన్న మాత్రం పట్టుబట్టి చెరకు వేసేవాడు. ఆత్మారాం తల్లి పొద్దస్తమానం బీడీలు చుడుతూ ఉంటే, అతని చిన్నతనమంతా ఆ ఇంట్లోనే, ఆ అత్త చేతి అన్నంతోనే గడిచింది. తల్లి పోయాక తనవాళ్ళంటూ అతనికి మిగిలింది ఆ ఇద్దరే.

ఆ ఏడు లక్ష్మీరాజం సార్‌కు ఒక చక్కెర ఫ్యాక్టరీ పని దొరికింది. చెరకు రైతు తన ఇష్టం వచ్చినప్పుడు చేను కోయడానికి లేదు. ఫ్యాక్టరీ వంతు ఇవ్వాలి. వంతు లేకుండా కోస్తే కొనేవాడు ఉండడు, గడ ఎండిపోతుంది. ఆ వంతు కోసం గేటు దగ్గర పడిగాపులు పడకుండా, దగ్గరలోని నెట్ సెంటర్‌కు పోయి రైతు నంబరు కొట్టి, "కోతకు సిద్ధం" అనే బటన్ నొక్కేటట్టు ఒక పేజీ చేశారు. మనసు మారితే పక్కనే "రద్దు" అనే బటన్ ఉంది.

భూమన్నకు అక్షరం ముక్క రాదు. అంకెలు తెలిసిన గంగమణే ఆటో ఎక్కి వర్నికి పోయి ఆ పని చూసుకునేది. ఎట్లా చేయాలో ఆత్మారామే తన పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి నేర్పాడు. ఆమె చూపుడు వేలితో ఒక అంకె నొక్కేది. తల ఎత్తి అది స్క్రీను మీద పడిందో లేదో చూసుకునేది. మళ్ళీ తల దించి తర్వాతి అంకె కోసం వెతుక్కునేది. ఏడు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నాలుగు నొక్కి, నాలిక కరుచుకుని, దాన్ని తుడిపేసేది.

తప్పు జరిగింది ఆ నంబరుతోనే. టెస్టుకు ఏదో ఒక రైతు నంబరు కావాలి. ఆత్మారాంకు నోటికి వచ్చింది మామ నంబరు ఒక్కటే. అదే పెట్టాడు. అప్పటికి నడుస్తున్నది అసలు పేజీకి నకలు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. టెస్టు వచ్చి భూమన్న పేరున వంతు అడిగేది, వంతు రాగానే రద్దు నొక్కి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేది. ఫ్యాక్టరీ మొదలయ్యాక సార్ ఒకనాడు, "అసలు పేజీ మీద సుత నడిపియ్యి ఆత్మారాం, రోజు పొద్దుగాల. ఏమన్న ఖరాబైతే ఫ్యాక్టరోళ్ళ కన్నా ముందు మనకు తెల్వాలె," అన్నాడు. ఆత్మారాం టెస్టులో చిరునామా మార్చాడు. నంబరు మార్చడం మరిచిపోయాడు.

ఇక ఆనాటి నుంచి అత్త వర్నికి పోయి వేసుకున్న వంతును, తెల్లారగానే అల్లుడి టెస్టు వచ్చి తీసేస్తూ పోయింది. ఆఫీసులో మాత్రం రోజూ ఆకుపచ్చ గీతే.

"మన వంతు ఇంకా రాలే అల్లుడా," అని మామ ఫోన్ చేసేవాడు. "చెరకు పూతకొచ్చింది."

"రష్ ఉన్నది మామా. వస్తది," అనేవాడు ఆత్మారాం. ఒక్కసారి ఆ పేజీ తెరిచి చూసి ఉంటే తెలిసిపోయేది. చూడలేదు. బద్ధకం తప్ప వేరే కారణం లేదు.

చెరకు పండే ఊళ్ళలో ఒక పద్ధతి ఉంది. కాలిన చెరకును ఫ్యాక్టరీ ఆపదు. రసం పులిసిపోతుందని, వంతుతో పని లేకుండా దాన్నే ముందు తీసుకుంటుంది. అందుకని సీజన్ చివర్లో వంతు రానివాళ్ళు తమ చేనుకు తామే నిప్పు పెట్టుకుని, కరెంటు తీగలు రాసుకున్నాయని చెబుతారు. సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. భూమన్న కూడా అదే చేశాడు. మంట పక్కవాళ్ళ చేనుకు పాకకుండా గట్టు వెంట ఎండాకు కోయడానికి గంగమణి కొడవలి పట్టుకుని అటు చివరికి పోయింది. గాలి తిరిగింది.

గంగమణి దినాలు ఇంకా కాకముందే, కాలిన చెరకు చూడడానికి ఫ్యాక్టరీ ఫీల్డుమన్ చంద్రయ్య వచ్చాడు. మంచివాడే, కానీ నోరు ఆగదు. "ఏమనుకోకు భూమన్నా. నీ వంతు ఎన్నిమాట్ల వచ్చింది! వచ్చినప్పుడల్ల మీరే రద్దు జేసుకున్నరు. గట్ల ఎందుకు జేసిండ్రు?" అని జనం అందరూ ఉండగానే అడిగాడు.

చంద్రయ్యకు నీళ్ళ గ్లాసు అందిస్తున్న ఆత్మారాం వైపు భూమన్న ఒక్కసారి చూసి, తల దించుకున్నాడు. ఆత్మారాంకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది.

ఊళ్ళో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. పంట కోసం పెండ్లాన్ని కాలవెట్టుకున్నాడని బావి దగ్గర ఆడవాళ్ళు అనుకుంటున్నారు. భూమన్న అన్నం ముట్టడం లేదు. "నేనే సంపుకున్న," అని గోడతో చెప్పుకుంటున్నాడు. వంతు ఎందుకు రాలేదో ఒక్క మాట చెబితే ఆ మనిషి మీది భారం సగమైనా దిగుతుంది. ఆ మాట ఆత్మారాం గొంతులో ఉంది. చెబితే నౌకరీ పోతుంది. మామ మళ్ళీ మొహం చూస్తాడో లేదో తెలియదు. చెప్పడానికి బదులు, ఆదివారం సాయంత్రం ఎవరూ లేనప్పుడు పోయి ఆఫీసు తాళం తీశాడు. టెస్టులోంచి మామ నంబరు తీసేస్తే ఇక ఎవరికీ ఏమీ తెలియదు.

పొద్దు గూకుతోంది. కింద గోదాము షట్టరు దించి ఉంది. కిటికీ అద్దాలకు పట్టిన దుమ్ములోంచి ఎర్రటి వెలుగు లోపలికి పడుతోంది. ఆ వెలుగులో కంప్యూటర్లన్నీ గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. లైటు వేస్తే చాయ్ అమ్మే మనిషికి కనబడుతుందని ఆత్మారాం వేయలేదు. తన కంప్యూటర్ మీది గుడ్డ తీసి స్విచ్ నొక్కాడు. పాత మానిటరు చిటపటమంటూ నెమ్మదిగా వెలిగింది.

టెస్టు తెరిచాడు. మామ నంబరు కనిపించింది. దాన్ని తుడిపేసి, ఆ చోట అన్నీ సున్నాలు కొట్టి సేవ్ చేశాడు. అంతే పని. ఇక లేచి వెళ్ళిపోవచ్చు.

కానీ మార్చిన టెస్టును ఒక్కసారి నడిపి చూడనిదే అతను లేవలేడు. టెస్టర్లందరికీ ఉండే జబ్బే అది. సున్నాలతో పేజీ లోపలికి పోనివ్వదు, ఎర్ర గీత వస్తుంది, అంతేగదా అనుకుని నడిపించాడు.

బ్రౌజరు తెరుచుకుంది. పేజీ వచ్చింది. నంబరు గడి ఖాళీగా ఉంది.

ఖాళీగానే ఉంది.

గడిలో సన్నటి గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. నెట్ నెమ్మదిగా ఉందేమో అనుకున్నాడు. కింది నుంచి ఎప్పటిలాగే ఆకు వాసన వస్తోంది. దానిలో ఇంకో వాసన కలిసింది. తీపిగా, చేదుగా... బెల్లం పాకం మాడితే వచ్చే వాసన.

ఒక అంకె పడింది.

ఆగింది.

ఇంకో అంకె...

టెస్టు అంకెలన్నీ ఒక్కసారే కుమ్మరిస్తుంది. ఒక్కొక్కటిగా కొట్టదు, కొట్టి ఆగదు. ఇప్పుడు అంకె పడ్డాక ఎవరో తల ఎత్తి చూసుకున్నంత సేపు ఆగుతోంది... తల దించి వెతుక్కున్నంత సేపు... అప్పుడు తర్వాతిది. పడుతున్నవి సున్నాలు కావు.

ఏడు పడవలసిన చోట నాలుగు పడింది. కాసేపు అట్లాగే ఉంది. తుడుచుకుపోయింది. ఏడు పడింది.

"అత్తా..." అన్నాడు.

టెస్టును ఆపే బటన్ నొక్కాడు. ఆగలేదు. బ్రౌజరు మూసేశాడు. మళ్ళీ తెరుచుకుంది, అదే గడి, అదే నెమ్మది. టెస్టు రాసి ఉన్న ఫైలునే తీసి పారేశాడు. ఇక నడవడానికి అక్కడ ఏమీ లేదు. అయినా అంకెలు పడుతున్నాయి. వంగి ప్లగ్గు పీకేశాడు. బల్ల కింద యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. స్క్రీను మాత్రం ఆరలేదు. ఆ అరుపుల మధ్యలో "కోతకు సిద్ధం" నొక్కుకుంది.

వంతు వచ్చింది. భూమన్న, చెరకు, రేపు కోత.

ఇక మిగిలింది రద్దు.

స్క్రీను మీద మౌసు బాణం కదిలింది. ఆత్మారాం చెయ్యి మౌసు మీద లేదు. టెస్టుకు బాణంతో పనే లేదు, అది ఏనాడూ దాన్ని కదపలేదు. బాణం వంకరగా, అలవాటు లేని చెయ్యి తోసినట్టు, "రద్దు" దాకా వచ్చింది. ఆగింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. నొక్కలేదు. టెస్టు దేనికోసమైనా ఆగినప్పుడు పక్కన చిన్న కిటికీలో 'వెయిటింగ్' అని రాస్తుంది. ఇప్పుడు ఆ ఒక్క మాటే వరుస కింద వరుసగా దిగుతోంది.

మౌసు లాక్కుందామని చెయ్యి చాపాడు. బల్ల తడిగా తగిలింది. వేళ్ళు అంటుకున్నాయి. జిగురుగా... వెచ్చగా...

కిటికీ అద్దాల్లోంచి వచ్చే ఎర్రటి వెలుగు పోయింది. గదిలో స్క్రీను ఒక్కటే ఉంది. దాని అద్దంలో తన ముఖం, తన భుజం, భుజం పక్కన ఒక కుర్చీ. ఆ కుర్చీ ఇందాక గోడ దగ్గర ఉంది. ఇప్పుడు బల్లకు ఆనించి ఉంది. ఆత్మారాం పక్కకు తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు.

"తప్పయింది అత్తా," అని గుసగుసగా అన్నాడు. "నాకు తెల్వక అయింది."

వెయిటింగ్.

"తెల్సినంక సుత చెప్పలే. దాచిపెడదామని వచ్చిన."

వెయిటింగ్.

యూపీఎస్ అరుపులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. పక్క కుర్చీ కిర్రుమంది... బరువు ముందుకు వాలినట్టు. మాడిన వాసన చెంప దగ్గరికి వచ్చింది.

"మామకు చెప్త," అన్నాడు ఆత్మారాం. కళ్ళు గట్టిగా మూసుకుని అన్నాడు. "ఇయ్యాలనే పోయి చెప్త అత్తా. నౌకరి పోతే పోనీ."

కళ్ళు తెరిచేసరికి బాణం "రద్దు" మీద లేదు. నెమ్మదిగా పైకి పోయి, మూలన ఉన్న గుర్తును నొక్కి, పేజీ మూసింది. యూపీఎస్ నోరు మూతపడింది. స్క్రీను ఆరిపోయే ముందు అడుగున ఆకుపచ్చ గీత ఒకటి కనబడింది.

టెస్టు పాసయింది.

తాళం వేశాడో లేదో గుర్తు లేదు. బండి తీసి వర్ని దారి పట్టాడు. ఊళ్ళు దాటుతుంటే ఇళ్ళల్లో టీవీలు మోగుతున్నాయి, పిల్లలు అన్నాలు తింటున్నారు. కాలువ వెంట చలిగాలి ముఖానికి కొట్టింది. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాడు, అయినా గుండె మీది బండ ఎవరో సగం ఎత్తినట్టు ఉంది. మామ కొడితే పడాలి, తిడితే వినాలి, ఊరందరి ముందు చెప్పమంటే చెప్పాలి అనుకున్నాడు. అత్త అడిగింది అంతే కదా. చెబితే చాలు, ఆమె వెళ్ళిపోతుంది.

ఊళ్ళో కరెంటు లేదు. మళ్ళీ పదో దినానికి వస్తామని చుట్టాలు వెళ్ళిపోయారు. నడింట్లో దీపం వెలుగుతోంది. భూమన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగి, చెంపలు లోపలికి పోయి, ఈ నాలుగు రోజులకే ముసలివాడైపోయాడు. అల్లుడిని చూసి ఆశ్చర్యపోలేదు, కూర్చోమనీ అనలేదు.

ఆత్మారాం కింద కూర్చుని, ఎక్కడా ఆగకుండా అంతా చెప్పేశాడు. నంబరు ఎట్లా పెట్టాడో, ఎందుకు మార్చలేదో, ప్రతి పొద్దున ఏం జరిగిందో చెప్పాడు. ఇందాక అది దాచిపెట్టడానికి పోయిన సంగతీ చెప్పాడు. ఆఫీసులో చూసింది మాత్రం చెప్పలేకపోయాడు.

"నువ్వు సంపలే మామా," అన్నాడు. "నేను సంపిన. గిదే మాట నలుగుట్ల చెప్త."

దీపం వత్తి చిటపటమంది. భూమన్న దాని వైపే చూస్తూ అన్నాడు.

"గది నాకెరుకనే."

ఆత్మారాం తల ఎత్తాడు.

"మీ అత్తకు సుత ఎరుకనే. ఒకనాడు పొద్దుగాలనే వర్నిల నెట్టుకాడ కూసున్నదట. వంతు వచ్చి ఉన్నది. సూస్తుండంగనే పోయింది. ఎవలు ముట్టలే, దానంతట గదే పోయింది. నీ ఆఫీసుల మిషను సూసింది గదా. ఇంటికొచ్చి, గిది మన అల్లుని మిషనే అన్నది."

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు ఆత్మారాం.

"ఫోను జేస్త అన్న నేను. అదే వద్దన్నది. పోరడు తెల్వక జేసిండు, గీ ముచ్చట బయట వడితె నౌకరి తీసేస్తరు, తల్లి లేని పోరడు, అన్నది. చెరకుదేమున్నది, ఇంత అంటువెడితె ఫ్యాక్టరోళ్ళే వచ్చి కొండవోతరు అన్నది. నిప్పు వెడదామన్నది అదే."

ఆత్మారాంకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా అర్హత లేదనిపించింది. ఆమెకు తెలుసు. తెలిసి, అతని నౌకరీ కోసం కొడవలి పట్టుకుని ఆ గట్టు మీదికి పోయింది. పోయేముందే క్షమించి పోయింది. మామ కాళ్ళు పట్టుకుని, మోకాళ్ళ మీద తల ఆనించాడు.

భూమన్న చెయ్యి వచ్చి అతని తల మీద పడింది. నిమరలేదు. ఊరికే ఉంది.

"అప్పుడు గట్లన్నది," అన్నాడు భూమన్న.

తల మీది చెయ్యి బరువెక్కింది.

"గిప్పుడు గట్ల అంటలేదు."

ఆత్మారాం తల ఎత్తబోయాడు. లేవలేదు. నాలుగు రోజులుగా అన్నం ముట్టని మనిషి చెయ్యి అది, అయినా లేవనివ్వలేదు. భూమన్న చీకటిగా ఉన్న లోపలి అర్ర దిక్కు ముఖం తిప్పి, ఎవరో అడిగినదానికి జవాబు చెప్పినట్టు, గొంతు తగ్గించి అన్నాడు.

"ఆఁ... ఒక్కడే వచ్చిండు."